నువ్వుగింజంత పన్ను చూసి అది ఏ జంతువో ఎలా చెప్తారు?

అమ్ము_వాళ్ళమ్మ
శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది చందానగర్. మా అమ్మాయి ఆరో తరగతి. ఈ వారం దానికి ఒక దవడపన్ను ఊడింది, పాలపన్నే. మా ఊళ్ళో అయితే నాయనమ్మ పేడలో చుట్టి ఇంటి కప్పు మీద వేయించేది. ఇక్కడ మూడో అంతస్తులో ఉంటాం కాబట్టి ఆ వీలు లేక అగ్గిపెట్టెలో దూది పరిచి దాచుకుంది.

పోయిన ఆదివారం బిర్లా సైన్స్ మ్యూజియంకి వెళ్ళాం. కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం దగ్గర అరగంట నిలబడింది. ఇంటికొచ్చాక డైనోసార్ల కాలంలో ఇంకా ఏమేం ఉండేవని నా ఫోన్‌లో వెతుకుతుంటే ఆల్ఫడాన్ అనే జంతువు బొమ్మ వచ్చింది. ఎలుక మూతి, వెంట్రుకల్లేని పొడుగు తోక, పెద్ద కళ్ళు, కొమ్మను పట్టుకుని వేలాడుతోంది. కింద రాసింది చదివితే, అది అమెరికాలో ఉండే ఒపోసమ్ లాంటిదట, ఎప్పుడో అంతరించిపోయిందట, దొరికినవి మాత్రం ఎక్కువగా పళ్ళేనట.

అప్పుడు అది అడిగింది: "అమ్మా, కోటి ఏళ్ళ తర్వాత నా పన్ను ఒక్కటే దొరికితే అది మనిషిదని తెలుస్తుందా?" నేను బీకాం చదివాను, నాకు ఏం చెప్పాలో తోచలేదు. తెలుస్తుందిలే అని ఊరికే అనేయడం ఇష్టం లేక ఇక్కడ అడుగుతున్నాను. పన్ను చూసి మొత్తం జంతువును ఎలా చెప్తారు? ఆ తోక, ఆ కళ్ళు ఎవరు చూశారు? ఇంకో సంగతి, అలాంటి పళ్ళు మన వైపు ఎక్కడైనా దొరికాయా?

కవాడిగూడ
శనివారం, రాత్రి 9:31

మేడం, మీ పాప అడిగింది సరైన ప్రశ్న. నాకూ ఇదే అనుమానం ఎప్పటినుంచో ఉంది.

అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే చాలంటారు. కానీ ఆ మాట ఎందుకు నిలబడుతుందంటే గిన్నెలో ఉన్నదంతా ఒకే బియ్యం, ఒకే నీళ్ళు, ఒకే మంట. 7 కోట్ల ఏళ్ళ కిందటి గిన్నె మనం చూడలేదు కదా. మెతుకు ఒక్కటి చేతిలో పెట్టి, గిన్నె ఎంతది, పొయ్యి ఏది, వండింది ఎవరు అని చెప్పేస్తుంటే నాకు నమ్మబుద్ధి కాదు. తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే వివరంగా చెప్పండి, నిజంగా నేర్చుకుందామనే అడుగుతున్నా.

పంటిడాక్టర్_తార్నాక
శనివారం, రాత్రి 10:05

నేను పళ్ళ డాక్టర్ని, శిలాజాల మనిషిని కాను. నాకు తెలిసిన సగం చెప్తాను.

మొదట, పళ్ళే ఎందుకు మిగులుతాయి అంటే పైన ఉండే ఎనామిల్ వల్ల. మన ఒంట్లో దానంత గట్టి పదార్థం ఇంకోటి లేదు, బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. ఎముకలో అలా కాదు, మాంసకృత్తులు చాలా ఉంటాయి, కుళ్ళిపోతుంది, నక్కలు కొరుకుతాయి, వర్షానికి పిండి అవుతుంది. ఎలుకంత జంతువు చచ్చిపోతే దాని పక్కటెముకలు ఎన్నాళ్ళుంటాయి చెప్పండి. పన్ను మాత్రం బతికుండగానే సగం రాయి.

రెండోది, పన్ను ఒకసారి తయారై బయటికొచ్చాక దాని ఆకారం పెరగదు, మారదు, అరుగుతుంది అంతే. నమిలే పన్ను పైభాగంలో ఉండే మొనలు, గట్లు, గుంటలు పుట్టుకతో నిర్ణయమైనవి. నా దగ్గరికి ఎవరైనా ఊడిన పన్ను ఒకటి కాగితంలో చుట్టి తెస్తే అది పాలదో గట్టిదో, పై దవడదో కింది దవడదో, చాలాసార్లు కుడో ఎడమో కూడా చెప్పేస్తాను. దీనిలో విద్య ఏమీ లేదు, రోజూ చూసే అలవాటు.

మీ అమ్మాయి పన్ను గురించి ఒక మాట. ఆరో తరగతి అంటే 11 ఏళ్ళు కదా, ఆ వయసులో ఊడేది చాలావరకు రెండో పాల దవడపన్ను. విచిత్రం ఏంటంటే అది చూడ్డానికి అచ్చం పెద్ద దవడపన్ను లాగే ఉంటుంది, కానీ దాని కింద నుంచి వచ్చేది చిన్న అగ్రచర్వణకం, అంటే కోరపన్నుకూ పెద్ద దవడపళ్ళకూ మధ్య ఉండే పన్ను. శిలాజాలు చూసేవాళ్ళు ఇక్కడ మోసపోకుండా ఎలా ఉంటారో నాకు తెలుసుకోవాలని ఉంది.

రాతిబడి
ఆదివారం, ఉదయం 6:48

డాక్టరుగారు తలుపు తీసేశారు, నేను లోపలికి వస్తాను. భూగర్భశాస్త్రం పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి.

కవాడిగూడ బాబూ, నీ గిన్నె మాట దగ్గరే మొదలుపెడతాను. ఆ గిన్నె మనకు తెలుసు. ఎలాగంటే, ఇప్పుడు బతికున్న క్షీరదాల పళ్ళు వేలకు వేలు మ్యూజియంలలో ఉన్నాయి, వాటి తోకా చర్మమూ సంచీ అన్నీ మనకు తెలుసు. కొత్త పన్ను దొరికినప్పుడు ఎవరూ దాన్ని ఒంటరిగా చూడరు, ఆ వేల పళ్ళ పక్కన పెట్టి చూస్తారు.

ఏం చూస్తారో చెప్తాను. ఆ కాలపు చిన్న క్షీరదాల దవడపళ్ళు రోలూ రోకలీ లాంటివి. పైపన్ను పైనుంచి చూస్తే త్రికోణం, దాని లోపలి మూల, అంటే నాలుక వైపు, ఒక లావాటి మొన ఉంటుంది. అది రోకలి. కిందిపన్ను వెనక సగంలో గుంట ఉంటుంది. అది రోలు. నోరు మూస్తే రోకలి సరిగ్గా రోట్లో పడుతుంది, పడుతూ పడుతూ అంచుల గట్లు ఒకదాన్నొకటి అడకత్తెరలా రాసుకుంటాయి. పురుగు పెంకు తెగడమూ లోపలిది నలగడమూ ఒకే దెబ్బలో అయిపోతాయి. రోలు కొలత దొరికిందంటే రోకలి ఎంత లావో చెప్పొచ్చు. అందుకే కిందిపన్ను ఒక్కటి చేతికొచ్చినా పైపన్ను గురించి సగం సంగతి వచ్చేసినట్టే.

ఇక ఒపోసమ్ జాతి ఎలా తెలుస్తుంది? వాటి పైపన్నుకు బుగ్గ వైపు ఒక వెడల్పాటి అరుగు ఉంటుంది, ఆ అరుగు మీద చిన్న చిన్న మొనలు వరసగా ఉంటాయి. కిందిపన్ను వెనకాల, నాలుక వైపు, రెండు మొనలు కవలల్లా అంటుకుని ఉంటాయి. మన వర్గం, అంటే మావి ఉండే క్షీరదాల్లో ఆ కవలలు ఉండవు, వెనక మొన మధ్యలో విడిగా ఉంటుంది. దవడ కూడా దొరికితే లెక్క ఇంకా తేలిక. వాటికి ఒక్కో వైపు అగ్రచర్వణకాలు 3, వాటి వెనక చర్వణకాలు, అంటే పెద్ద దవడపళ్ళు, 4. మన వర్గంలో చర్వణకాలు మామూలుగా 3. ఇప్పటి వర్జీనియా ఒపోసమ్‌కు మొత్తం 50 పళ్ళు, అమెరికా నేలమీది క్షీరదాల్లో అన్ని పళ్ళున్నవి అరుదు.

ఆల్ఫడాన్‌కు పేరు పెట్టింది జార్జ్ గేలార్డ్ సింప్సన్, 1920ల్లో. పేరుకు అర్థమే మొదటి పన్ను అని. అమెరికా పడమటి రాష్ట్రాల్లో, కెనడాలో, క్రెటేషియస్, అంటే డైనోసార్ల ఆఖరి యుగం, చివరి రాళ్ళలో దొరుకుతుంది. చాలాకాలం దాన్ని ఒపోసమ్‌లకు ముత్తాత అనుకున్నారు, ఇప్పుడు మార్సూపియళ్ళకు, అంటే ఒపోసమ్, కంగారూ లాంటి సంచి జంతువులకు, దాయాది శాఖ అంటున్నారు. మెటాథీరియన్లు అనే పెద్ద కుటుంబంలో మాత్రం ఉంది.

డాక్టరుగారి ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. మార్సూపియళ్ళు మనలాగా 20 పళ్ళు మార్చుకోవు. ఒక్కో దవడ సగంలో ఒకే ఒక్క పన్ను మారుతుంది, చివరి అగ్రచర్వణకం. పుట్టిన పిల్ల నెలల తరబడి తల్లి రొమ్ముకు అతుక్కుని ఉండటంతో ముందు పళ్ళు మారే అవసరం పోయిందని చాలామంది అభిప్రాయం. 1996లో ఆల్ఫడాన్ పిల్ల దవడ ఒకదాన్ని సీటీ స్కాన్ తీస్తే లోపల సరిగ్గా అదే కనబడింది, ఎముకలో దాగి ఉన్న ఆ ఒక్క పన్ను. అంటే అప్పటికే పిల్లల్ని ఆ పద్ధతిలో పెంచేవని ఊహించడానికి ఒక ఆధారం దొరికింది. అమ్మా, మీ పాపకు ఇప్పుడు ఊడిందీ చివరి అగ్రచర్వణకం వచ్చే చోటి పన్నే అయితే, ఒపోసమ్ మార్చుకునే ఒకే ఒక్క పన్నుకు సాటి వచ్చే చోటు అదేనని చెప్పండి.

అమ్ము_వాళ్ళమ్మ
ఆదివారం, ఉదయం 8:20

సార్, రెండుసార్లు చదివాను. రోలు రోకలి మాట దానికి వెంటనే ఎక్కింది, అద్దం ముందు నోరు తెరిచి ఇప్పటిదాకా చూసుకుంటూనే ఉంది. తోక సంగతి మాత్రం వదలడం లేదు. పన్నులో తోక ఉండదు కదా అంటోంది.

రాతిబడి
ఆదివారం, ఉదయం 8:52

ఉండదు. పాప చెప్పింది అక్షరాలా నిజం.

బొమ్మలోని తోక, కళ్ళు, వేలాడటం అన్నీ ఇప్పటి ఒపోసమ్‌ను చూసి గీసినవి. పన్ను వల్ల తెలిసేది ఏ కుటుంబం, ఏం తినేది, దాదాపు ఎంత సైజు. తినేది అరుగుదల గీతల్లో కనబడుతుంది, సైజు పన్నుకూ ఒంటికీ ఉన్న నిష్పత్తిలో వస్తుంది, అదీ అటూ ఇటూగా. తోకకు జుట్టు ఉందా లేదా అన్నది పన్ను చెప్పదు. బొమ్మ వేయడం తప్పు కాదు కానీ ఎక్కడిదాకా ఆధారం ఉందో ఎక్కడినుంచి ఊహో అందులో కనబడాలని నేను ముప్పై ఏళ్ళు క్లాసులో మొత్తుకున్నాను.

మీరు చూసిన కోటసారస్ కూడా అంతే. ఎముకలు చాలా జంతువులవి కలిపి నిలబెట్టారు. తల మాత్రం, రెండు పళ్ళు తప్ప, దొరకలేదు. అంత పెద్ద జంతువుకీ తల దగ్గర మిగిలింది పళ్ళే.

పారిస్‌లో జరిగిన ఒక కథ పాపకు చెప్పండి. మోంమార్త్ర్ జిప్సం గనుల్లో ఒక రాతిపలకలో చిన్న జంతువు దొరికింది. కువియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దాని పళ్ళూ దవడా చూసి ఇది ఒపోసమ్ వంటిది అన్నాడు, అలాగైతే పొత్తికడుపు దగ్గర రెండు అదనపు ఎముకలు ఉండాలి అని ముందే చెప్పి, సాక్షుల ఎదుట సన్న సూదితో రాయిని గీకాడు. ఎముకలు బయటపడ్డాయి. 1804లో అచ్చయింది. ఇప్పుడు దాని పేరు పెరాథీరియం. ఇంకా తమాషా ఏంటంటే, 1997లో మంగోలియాలో మన వర్గపు పాత క్షీరదాల్లో కూడా ఆ అదనపు ఎముకలు కనబడ్డాయి. అంటే కువియే గొప్ప సాక్ష్యం అనుకున్న ఎముక అంత గట్టి సాక్ష్యం కాదని తేలింది, ఆయన మొదట చూసిన పళ్ళ మాటే నిలబడింది.

పరిగి_పోరడు
ఆదివారం, ఉదయం 10:15

సార్ నమస్తే. మాది పరిగి దిక్కు. నస్కల్ దగ్గర డైనోసార్ల కాలపు పళ్ళు దొరికినాయని మా స్కూల్‌లో సారు ఒకసారి చెప్పిండు, మేం ఎవ్వరం నమ్మలేదు. మా చేన్ల గట్ల మీద నల్లరాయి, దాని నడుమ తెల్లటి బూడిదరంగు సుద్దబెడ్డలు కనబడతయి, వానకు జారి వాగులో పడతయి. చిన్నప్పుడు వాటితోని పలకల మీద రాసేటోళ్ళం. అవేనా? ఇంతకూ అక్కడ దొరికింది ఈ ఒపోసమేనా, వేరేదా?

రాతిబడి
ఆదివారం, మధ్యాహ్నం 12:30

తమ్ముడూ, మీ సారు చెప్పింది నిజం. ఆ మాట నమ్మి నువ్వు ఒక్కసారి ఆ గట్టు దగ్గర ఆగి చూసి ఉంటే ఎంత బాగుండేది.

హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్, దాదాపు 250 కోట్ల ఏళ్ళది, అందులో ఏ శిలాజమూ ఉండదు. తాండూరు బండ సున్నపురాయే కానీ అది క్షీరదాలు పుట్టకముందటిది. చేవెళ్ళ దాటి వికారాబాద్ వైపు పోతుంటే నేల ఎర్రది పోయి నల్లది వస్తుంది చూడు, అక్కడ దక్కన్ లావా అంచు మొదలవుతుంది. లావా ఒక్కసారే పారలేదు. ఒక పొర పారి చల్లారాక మళ్ళీ ఇంకోటి పారేలోగా మధ్యలో వేల ఏళ్ళు గడిచేవి, ఆ గ్యాప్‌లో పల్లాల్లో నీళ్ళు నిలిచి చెరువులయ్యేవి, చేపలు, కప్పలు, నత్తలు, గట్టున చిన్న చిన్న జంతువులు. తర్వాత లావా వచ్చి చెరువును అడుగు మట్టితో సహా కప్పేసేది. నువ్వు చెప్పే తెల్లబెడ్డ అలాంటి చెరువు మట్టే అయి ఉండాలి, చూడకుండా ఖాయంగా చెప్పను.

నస్కల్ మట్టిలోంచి జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని తీసిన పళ్ళ గురించి 1988లో నేచర్ పత్రికలో వచ్చింది. భారతదేశంలో దొరికిన మొట్టమొదటి క్రెటేషియస్ క్షీరదం అదే. పేరు దక్కనోలెస్టెస్ హిస్లోపి. నాగపూర్‌లో ఉంటూ 19వ శతాబ్దంలో శిలాజాలు సేకరించిన స్టీఫెన్ హిస్లప్ పేరు కలిపారు. నమిలే పన్ను మహా అయితే ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు, నువ్వుగింజ.

అది ఒపోసమ్ కాదు. చూడ్డానికి, తినడానికి ఒపోసమ్ లాంటి బతుకే బతికి ఉండొచ్చు, కానీ పైపన్ను బుగ్గ వైపు ఆ మొనల అరుగు లేదు, కిందిపన్నులో ఆ కవలలు లేరు. యూథీరియన్, అంటే మావి ఉండే మన వర్గం. తర్వాతి పరిశోధనల్లో దాన్ని ఆఫ్రికా, యూరప్‌లలో దొరికిన అడాపిసోరికులిడ్ అనే కుటుంబానికి దగ్గర చేశారు. 1994లో అక్కడే దొరికిన చీలమండ ఎముకల్ని బట్టి చెట్లెక్కేదని అన్నారు. ఆ ఎముకలూ పళ్ళూ ఒకేచోట అతికి దొరకలేదు, సైజు చూసి జతచేశారు. అది కూడా చెప్పాలి కదా.

2022లో నస్కల్ మీద ఇంకో పత్రం వచ్చింది. చెరువు మట్టికి కింద ఉన్న లావాకూ పైన ఉన్న లావాకూ ఆర్గాన్ పద్ధతిలో వయసు కట్టారు, 6 కోట్ల 60 లక్షల ఏళ్ళు దాటి కొంచెం. డైనోసార్లు పోవడానికి ముందు దాదాపు లక్ష ఏళ్ళ లోపు అన్నమాట. అందులో కొత్త క్షీరదానికి ఇండోక్లెమెన్సియా అని పేరు పెట్టారు. విలియం క్లెమెన్స్ పేరు అది. ఆయన 1960ల్లో అమెరికాలో ఆల్ఫడాన్ చుట్టాల పళ్ళను ఒక్కొక్కటిగా వర్ణించిన మనిషి. అక్కడి ఒపోసమ్ పళ్ళ పండితుడి పేరు పరిగి పక్కన దొరికిన పన్నుకు వచ్చింది. నాకు అది చదివినరోజు నిద్రపట్టలేదు.

జల్లెడ
ఆదివారం, సాయంత్రం 4:40

ఇన్నాళ్ళూ చదివి వెళ్ళిపోయేదాన్ని, ఈ రోజు రాయకుండా ఉండలేకపోతున్నాను. ఎమ్మెస్సీలో నేను ఈ పనే చేశాను, నస్కల్ మట్టి కాదు కానీ ఇలాంటిదే.

పళ్ళు ఎలా దొరుకుతాయో ఎవరూ చెప్పరు, దొరికాయి అంటారంతే. మట్టిని బస్తాలకెత్తి తెస్తాం. ముందు బాగా ఎండబెట్టాలి, తడి ఉంటే పని జరగదు. ఎండాక కిరోసిన్‌లో నానబెట్టి, ఆ కిరోసిన్ వంపేసి, నీళ్ళు పోస్తే గట్టి బెడ్డలు కూడా బుసబుసమని విడిపోయి బురదవుతాయి. ఆ బురదను సన్నజల్లెడల్లో పోసి నీళ్ళలో ఊపుతూ ఉంటే బంకమట్టి పోయి ఇసుకలాంటిది మిగులుతుంది. బస్తా మట్టికి ఒక గిన్నెడు. చేతులు కిరోసిన్ కంపు, ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా అన్నం ముద్దలో ఆ వాసనే.

అసలు పని తర్వాత. చెంచాడు ఇసుక నల్ల ట్రేలో పలచగా పరిచి మైక్రోస్కోపు కింద గింజ గింజా చూడాలి. మా అమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరినట్టు, కాకపోతే ఇక్కడ వేల రాళ్ళలో ఒక్క బియ్యపుగింజ. చేపపళ్ళు వస్తాయి, కప్ప ఎముక ముక్కలు వస్తాయి, గవ్వల్లాంటి ఆస్ట్రకాడ్లు కుప్పలుగా వస్తాయి. క్షీరదం పన్ను రాదు. నాకు పదకొండో వారంలో వచ్చింది. తేనెరంగులో, దీపం కింద తిప్పితే మెరుస్తూ, మూడు మొనలు, మధ్యలో గుంట, ఒక మొన కొస అరిగి చదునైపోయి ఉంది. అది అరిగిందంటే ఈ జంతువు తిన్నది, బతికింది అని నాకు అప్పుడు అర్థమైంది, చెయ్యి వణికి బ్రష్ కింద పెట్టేశాను. తడి కొసతో మెల్లగా ఎత్తి గుండుసూది తల మీద జిగురుతో నిలబెట్టాలి. గట్టిగా తుమ్మితే పోతుంది, అందుకని ఫ్యాన్ ఆపి ఏప్రిల్ ఎండలో కూర్చునేవాళ్ళం.

బాధ ఒకటుంది. నేను చదువు ముగించి వచ్చేసిన కొన్నేళ్ళకు మా విభాగం గదులు మార్చారు. మేం సీసాల్లో పెట్టి రాసుకున్న లేబుళ్ళు ఊడిపోయి, ఏ సీసా ఏ ఊరి మట్టిదో తెలియక మొత్తం ఒక డబ్బాలో కలిపేశారని జూనియర్ ఫోన్ చేసి చెప్పింది. పళ్ళు ఉన్నాయి, కానీ ఏ పొరలోవి, ఏ లోతులోవి అన్నది పోయింది. అది పోతే ఆ పన్నుకు వయసు లేదు, చోటు లేదు. నాకు ఇప్పటికీ అది తలచుకుంటే కడుపులో తిప్పుతుంది. అమ్ము వాళ్ళమ్మ గారూ, ఆ అగ్గిపెట్టె మీద తేదీ రాసి పెట్టమనండి.

పరిగి తమ్ముడూ, ఆ గట్టు దగ్గరికి పోయినా పలుగు వేయకు. ఫొటో తీసి చోటు గుర్తు రాసుకో, తెలిసినవాళ్ళకు చూపించు.

పరిగి_పోరడు
ఆదివారం, సాయంత్రం 5:02

వెయ్యను అక్కా. దసరాకు ఇంటికి పోయినప్పుడు ఫొటో తీసి ఇక్కడ పెడత.

కవాడిగూడ
ఆదివారం, రాత్రి 8:15

సార్ చెప్పిన తీరు, జల్లెడ గారు రాసింది చదివాక నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. ఊరికే ఊహించి చెప్పేయడం లేదని అర్థమైంది. కానీ ఒక్కటి అడుగుతాను. పన్ను చూసి చెప్పింది తప్పని తేలిన సందర్భం ఉందా? ఎప్పుడూ తప్పు కాదు అంటే మాత్రం నాకు అనుమానం ఇంకా పెరుగుతుంది.

రాతిబడి
ఆదివారం, రాత్రి 9:05

ఉంది, అదీ మన దేశంలోనే, అదీ ఒపోసమ్ విషయంలోనే.

గుజరాత్‌లో సూరత్ దగ్గర వస్తాన్ అనే లిగ్నైట్ గని ఉంది. డైనోసార్లు పోయాక కోటి ఏళ్ళు దాటిన తర్వాతి పొరలు. 2005లో అక్కడి పళ్ళను చూసి రెండు మార్సూపియళ్ళను ప్రకటించారు, ఇండోడెల్ఫిస్, జేగేరియా అని. రెండేళ్ళకే ఇంకో బృందం ఎక్కువ పళ్ళు ముందు పెట్టుకుని చూసి జేగేరియా మార్సూపియల్ కాదు, గబ్బిలం అంది. పాతకాలపు గబ్బిలం పైపన్నుకు కూడా బుగ్గ వైపు వెడల్పాటి అరుగు ఉంటుంది, అక్కడ తికమక పడే వీలుంది. చూశావా, తప్పును పట్టింది కూడా పళ్ళే. ఒక్క పన్ను మీద నిలబెట్టిన మాటకు బలం తక్కువ, పది పళ్ళు వచ్చేసరికి గట్టిపడుతుంది లేదా కూలిపోతుంది.

నిలబడ్డదీ చెప్తాను. డైడెల్ఫడాన్ అని ఆల్ఫడాన్ కాలానిదే, దానికంటే చాలా పెద్దది. మార్ష్ అనే అమెరికా శాస్త్రవేత్త 1889లో పేరు పెట్టాడు, ఆ తర్వాత వందేళ్ళకు పైగా పళ్ళూ దవడముక్కలే ప్రధాన ఆధారం. అగ్రచర్వణకాలు ఉబ్బి గుండ్రంగా ఉండేసరికి గట్టి పెంకులు నలిపేదని అన్నారు. 2016లో పుర్రెల మీద పరిశోధన వచ్చింది. కాటు బలం లెక్కకట్టారు, ఒంటి సైజుతో పోలిస్తే చాలా గట్టి కాటు. కుటుంబమూ మారలేదు. ఒట్టి పెంకులే కాదు, దొరికింది చాలానే తినేదని అరుగుదల గీతలు చెప్పాయి.

మల్కాజిగిరి_మామయ్య
ఆదివారం, రాత్రి 9:40

మా కాలనీలో రాత్రిపూట గోడల మీద ఒక పొడుగు తోక జంతువు తిరుగుతుంది, మా పిల్లలు ఒపోసమ్ అంటున్నారు. మన దేశంలో ఒపోసమ్‌లు లేవా?

జల్లెడ
ఆదివారం, రాత్రి 9:58

లేవండీ. మీ గోడ మీద తిరిగేది పునుగుపిల్లి అయి ఉంటుంది, హైదరాబాద్ పాత చెట్లున్న కాలనీల్లో ఉంటాయి.

డైనోసార్లు పోయినప్పుడు ఉత్తర అమెరికాలో ఈ మెటాథీరియన్లకు చావుదెబ్బ తగిలింది, ఆల్ఫడాన్ చుట్టాల్లో చాలామంది అక్కడే ఆగిపోయారు. మిగిలిన శాఖలో కొందరు దక్షిణ అమెరికా చేరారు, అక్కడినుంచి అంటార్కిటికా మీదుగా ఆస్ట్రేలియా. అంటార్కిటికాలో అప్పుడు మంచు కాదు, అడవి. 1982లో అక్కడి సేమోర్ దీవిలో మార్సూపియల్ శిలాజం దొరికింది, అదీ పళ్ళతోనే గుర్తుపట్టారు. ఆ దారి నడిచే కాలానికి మన దేశం దాన్నుంచి విడిపోయి సముద్రంలో ఉత్తరానికి వస్తోంది. యూరప్‌లో ఉన్నవీ తర్వాత అంతరించాయి. ఇప్పుడు అమెరికా ఇళ్ళ వెనక చెత్తడబ్బాల్లో తిరిగే ఒపోసమ్ ఆల్ఫడాన్ అక్కడే ఉండిపోయి కన్న సంతానం కాదు, దాని వంశం దక్షిణ అమెరికాలో పెరిగి పనామా దగ్గర భూమి కలిశాక తిరిగి వచ్చింది.

కవాడిగూడ
సోమవారం, ఉదయం 9:20

డాక్టరుగారూ, మీకు ఇబ్బంది లేకపోతే ఒక పరీక్ష. అమ్ము వాళ్ళమ్మ గారు ఆ పన్ను ఫొటో పైనుంచి దగ్గరగా తీసి పెడతారు, ఎక్కడిదో చెప్పకూడదు. మీరు చూసి చెప్పండి. నా కళ్ళతో ఒకసారి చూడాలని ఉంది.

అమ్ము_వాళ్ళమ్మ
సోమవారం, సాయంత్రం 6:35

ఫొటో పెట్టాను. పక్కన పెట్టినవి నువ్వులు, పోల్చుకోడానికి, అది అమ్ము ఆలోచన. నేనేం చెప్పను.

పంటిడాక్టర్_తార్నాక
సోమవారం, రాత్రి 9:12

క్లినిక్ కట్టేసి ఇప్పుడే చూశాను. వేర్లు కరిగిపోయాయి, ఎనామిల్ పాలతెలుపు, అంటే పాలపన్ను. ఒక అంచున మూడు మొనలు, ఎదుటి అంచున రెండు, మొత్తం 5. మూడున్నది బుగ్గ వైపు. పై దవడదైతే నాలుగు మొనలుండి అడ్డంగా ఒక ఏటవాలు గట్టు కనబడాలి, ఇక్కడ లేదు. కాబట్టి కింది దవడ, రెండో పాల దవడపన్ను. కుడి అనుకుంటున్నాను, కానీ ముందంచు ఫొటోలో నీడలో ఉంది, అందుకని పక్క విషయంలో పట్టుబట్టను. బుగ్గ వైపు మొనలు బాగా అరిగాయి, నాలుక వైపువి అంతగా లేవు. అది కూడా కిందిపన్ను లక్షణమే, నోరు మూస్తే ఆ బుగ్గ వైపు మొనలే పైపన్ను మధ్య గుంటలో పడతాయి.

అమ్ము_వాళ్ళమ్మ
సోమవారం, రాత్రి 9:30

కింది దవడ, కుడివైపు. ఇప్పుడే నోరు తెరిపించి మళ్ళీ చూశాను, ఆ ఖాళీలోంచి కొత్తపన్ను కొస తెల్లగా కనబడుతోంది.

కవాడిగూడ
సోమవారం, రాత్రి 9:34

సరే సార్. సరే డాక్టరుగారూ.

అమ్ము_వాళ్ళమ్మ
సోమవారం, రాత్రి 10:02

ఆల్ఫడాన్ బొమ్మ మళ్ళీ గీసింది. పళ్ళూ దవడా నల్ల పెన్నుతో గట్టిగా, మిగతా ఒళ్ళంతా పెన్సిల్ చుక్కలతో, తోక దగ్గర చుక్కలు ఇంకా దూరం దూరంగా. అగ్గిపెట్టె మీద కాగితం అంటించి తేదీ, చందానగర్, కింది దవడ, కుడి, రెండో పాల దవడపన్ను అని రాసింది. జల్లెడ గారు చెప్పారని ఇంకో చీటీ అదే రాతతో లోపల దూది కింద కూడా పెట్టింది, పైది ఊడిపోతే అని.